నూటికి 93 అసంఘటితమా, 86, 74? ఏ లెక్క ఏమిటి, అసలు కారణం చట్టమేనా?

సందేహాల సుబ్బారావు (1)
పోటీ పరీక్షల పుస్తకాల్లో అసంఘటిత కార్మికులు ఒకచోట 93 శాతం, ఇంకోచోట 92, వేరేచోట 86 అని ఉంది. ఈమధ్య పేపర్లో 74 చూశాను. ఏది రాయాలి? రెండో సంగతి, కార్మిక చట్టాలు మరీ గట్టిగా ఉండబట్టే చిన్న సంస్థలు ఎదగవనీ, మనకింత అసంఘటితం అందుకేననీ గట్టిగా వాదిస్తుంటారు. అందులో ఎంత నిజముంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

లెక్కల మాస్టారు (2)
నాలుగూ సరైనవే సుబ్బారావు గారూ. నాలుగు వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులవి.

93 తీసివేతతో వచ్చిన అంకె. 1999-2000 నమూనా సర్వేలో దేశంలో పనిచేసేవారు మొత్తం 39.7 కోట్లు. సంఘటిత రంగంలో 2.8 కోట్లు. ఈ రెండోది సర్వే నుంచి రాలేదు, యాజమాన్యాలు ఉపాధి కార్యాలయాలకు పంపే రిటర్నుల నుంచి వచ్చింది. ప్రైవేటులో 25 మంది, ఆపైన ఉన్న సంస్థలకే ఆ రిటర్ను తప్పనిసరి. 10 నుంచి 24 మంది ఉంటే ఇష్టమైతే పంపొచ్చు. పంపనివాళ్లంతా తీసివేతలో అసంఘటితం వైపు పడిపోతారు. అందుకని 93 కాస్త లావెక్కిన అంకె.

86, 92 రెండూ అర్జున్ సేన్‌గుప్తా అధ్యక్షతన పనిచేసిన జాతీయ కమిషన్‌వి, 2004-05 సర్వే మీద వేసినవి. ఆ కమిషన్ చేసిన మేలు ఏమిటంటే, సంస్థని ఒక ప్రశ్నగా, ఉద్యోగాన్ని ఇంకో ప్రశ్నగా విడదీసింది. మొత్తం 45.75 కోట్ల మందిలో అసంఘటిత సంస్థల్లో, ఇళ్లలో పనిచేసేవారు 39.49 కోట్లు. అదే 86 శాతం. సంఘటిత సంస్థల్లో 6.26 కోట్ల మంది ఉంటే, వారిలో 2.91 కోట్ల మందికి యజమాని నుంచి ఏ సామాజిక భద్రతా లేదు. వాళ్లను కలిపి, అసంఘటిత సంస్థల్లో ఉండి కూడా రక్షణ ఉన్న కొద్దిమందిని తీసేస్తే 42.26 కోట్లు. అది 92 శాతం. ఈ రెండంకెల మధ్య తేడాలోనే అసలు కథంతా ఉంది: పెద్ద కంపెనీ గేటు లోపల కూడా దాదాపు సగం మంది అసంఘటితమే.

74 అంటే 74.3. 2022-23 శ్రామిక శక్తి సర్వే (పీఎల్ఎఫ్ఎస్) ఇచ్చింది. ఇందులో వ్యవసాయం లేదు. 2017-18లో 68.4, 2023-24లో 73.2. ఇక్కడో మెలిక ఉంది. సొంతదారీ గానీ భాగస్వామ్యం గానీ అయితే చాలు, పీఎల్ఎఫ్ఎస్ దాన్ని అసంఘటిత సంస్థ కింద రాసుకుంటుంది. సేన్‌గుప్తా కమిషన్ పెట్టిన 'పది మందికి లోపు' అనే షరతు ఇందులో లేదు. కాబట్టి అన్నదమ్ముల భాగస్వామ్యంలో 200 మంది సేల్స్ సిబ్బందితో నడిచే బట్టల షోరూము కూడా ఈ 74లోనే ఉంటుంది.

మస్టర్ రోల్ (3)
మాస్టారు చెప్పినదానికి చిన్న చేర్పు. సంస్థ ఏ రకమో చూడటం కంటే పనివాడి చేతిలో ఏముందో చూడటం మేలు. పీఎల్ఎఫ్ఎస్‌లో జీతానికి, కూలికి పనిచేసేవాళ్లను మూడు ప్రశ్నలు అడుగుతారు: రాతపూర్వక ఒప్పందం ఉందా, జీతంతో కూడిన సెలవు ఉందా, పీఎఫ్, పింఛను, గ్రాట్యుటీ, వైద్యం, ప్రసూతి వంటివాటిలో ఏదైనా ఉందా.

వ్యవసాయేతర రంగాల్లో నెలజీతగాళ్లను మాత్రమే తీసుకుంటే, 2017-18లో ఒప్పందం లేనివాళ్లు 71.1 శాతం, సెలవు లేనివాళ్లు 54.2, సామాజిక భద్రత లేనివాళ్లు 49.6. 2023-24కి వరసగా 58.0, 47.3, 53.4. మొదటి రెండూ తగ్గాయి, మూడోది పెరిగింది. అంటే కాగితం చేతికొచ్చింది గానీ పీఎఫ్ రాలేదు. పదకొండు నెలల ఒప్పంద పత్రం చాలాచోట్ల పనివాడి రక్షణకి రాసేది కాదు, గడువు తీరాక తేలిగ్గా పంపించడానికి రాసేది. అందుకే 'ఒప్పందం ఉంది' అన్న అంకె ఒక్కదాన్నీ చూసి సంబరపడొద్దు.

లెక్కల మాస్టారు (4)
ఒప్పుకుంటాను. ఆ మూడో ప్రశ్నలో ఇంకో చిక్కు కూడా ఉంది. సర్వే మనిషి వెళ్లేసరికి పనికెళ్లినవాడు ఇంట్లో ఉండడు. తల్లో భార్యో జవాబు చెబుతారు. కాంట్రాక్టరు పీఎఫ్ కోస్తున్నాడో లేదో వాళ్లకు తెలియదు, ఒక్కోసారి పనివాడికే తెలియదు. అందుకని పీఎఫ్ ఖాతాల లెక్కా సర్వే లెక్కా ఎప్పుడూ కలవవు.

సందేహాల సుబ్బారావు (5)
అర్థమైంది. మరి రెండో ప్రశ్న? చట్టమే కారణమా?

చలానా చూపండి (6)
చట్టం పాత్ర ఎంతో లెక్కేసి చూపిస్తాను, తర్వాత మీరే తేల్చుకోండి.

ఎంతమంది పనివాళ్లుంటే చట్టం వర్తిస్తుందో చెప్పే గీతలు ఇవి: ఈఎస్ఐ, గ్రాట్యుటీలకు 10 మంది, పీఎఫ్‌కు 20. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినా ఈ గీతలు మారలేదు. ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కరెంటుతో నడిస్తే పాత చట్టంలో 10 మంది, కోడ్‌లో 20. కరెంటు లేకుంటే 20 నుంచి 40కి పెరిగింది. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు 20 నుంచి 50కి వెళ్లాయి. పనివాళ్లను తీసేయడానికీ మూసేయడానికీ ప్రభుత్వ అనుమతి కావాల్సింది 100 నుంచి 300కి.

ఒక వర్క్‌షాపులో 19 మంది, తలా 15,000 జీతం అనుకోండి. ఇరవయ్యో మనిషి చేరగానే పీఎఫ్ అతనొక్కడికే కాదు, ఇరవై మందికీ పడుతుంది. యజమాని వాటా 12 శాతం అంటే 1,800, బీమాకి అర శాతం 75, నిర్వహణ ఖర్చులకు అర శాతం 75. మనిషికి 1,950, ఇరవై మందికి 39,000. అంటే ఆ నెల ఇరవయ్యో మనిషి ఖర్చు 15,000 కాదు, 54,000. ఆ యజమాని పందొమ్మిది దగ్గరే ఆగిపోవడానికి ఈ ఒక్క లెక్క చాలు.

పనివాడి వైపు నుంచీ చూడండి. అతని జీతంలో నుంచి కూడా 1,800 కోత పడుతుంది. 'చేతికొచ్చేది 13,200 అయితే నాకొద్దు సార్, మొత్తం క్యాష్ ఇచ్చేయండి' అనేవాళ్లు చాలామంది. యజమానీ పనివాడూ ఇద్దరూ కలిసి ఎగ్గొట్టే సందర్భాలు పైకి కనిపించేదానికంటే ఎక్కువే.

ఇక ఎగ్గొట్టే పద్ధతులు. భార్య పేరు మీద రెండో ఫర్మ్ పెట్టి పదిహేనూ పదిహేనుగా విడగొట్టడం. సగం మందిని 'ట్రైనీ'లుగా రాయడం. వోచర్ మీద కూలి చెల్లించడం. బేసిక్ తగ్గించి మిగతాది అలవెన్సులుగా చూపడం. ఈ చివరిదానికి 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది: అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సును కూడా పీఎఫ్‌కి లెక్కలోకి తీసుకోవాలంది. మొదటిదీ ఎక్కువకాలం నిలవదు. ఒకే షెడ్డు, ఒకే కరెంటు మీటరు, ఒకే అకౌంటెంటు, పనివాళ్లు అటూ ఇటూ మారుతుండటం కనిపిస్తే రెండింటినీ ఒకే సంస్థగా కలిపేస్తారు. అప్పుడు వెనకటి తేదీ నుంచి బకాయి, దానిమీద ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆపైన జరిమానా. పనివాడి వాటా కూడా అప్పుడు యజమాని జేబులోంచే పోతుంది, పాత నెలల కోత ఇప్పుడు కోయడానికి వీల్లేదు కాబట్టి. ఒకసారి పీఎఫ్ పరిధిలోకి వచ్చాక మనుషులు 12కి తగ్గినా అదే కొనసాగుతుంది.

లెక్కల మాస్టారు (7)
లెక్క బాగుందండీ, దాంతో పేచీ లేదు. కానీ దాన్నుంచి 'దేశంలో అసంఘటితానికి చట్టమే కారణం' అనే నిర్ణయానికి దూకకూడదు. చూడండి:

అసంఘటిత సంస్థల వార్షిక సర్వే 2023-24 ప్రకారం వ్యవసాయం, నిర్మాణం కాకుండా దేశంలో 7.34 కోట్ల సంస్థలు ఉన్నాయి. వాటిలో పనిచేసేవారు 12.06 కోట్లు. భాగించండి: సంస్థకు 1.64 మంది, అదీ యజమానితో కలిపి! నూటికి 85 దాకా జీతానికి ఒక్క మనిషిని కూడా పెట్టుకోనివి. ఇడ్లీ బండి, కుట్టు మిషను, కిరాణా కొట్టు, పంక్చరు షాపు. వీటికి 20 గీత ఉంటే ఎంత, 200 గీత ఉంటే ఎంత? పందొమ్మిది దగ్గర ఆగిన వర్క్‌షాపు నిజమే, కానీ కొట్టుని పందొమ్మిది దాకా రానివ్వనిది పీఎఫ్ చట్టం కాదు. చేతిలో పెట్టుబడి లేకపోవడం, కొనేవాళ్ల దగ్గర డబ్బు లేకపోవడం, పక్కనే అలాంటివి ఇంకో పది ఉండటం.

చలానా చూపండి (8)
అంగీకరిస్తాను మాస్టారూ. నేను చెప్పింది మధ్యలో ఉన్న పొర గురించే, అంటే పదీ ఇరవై మందితో నడిచే సంస్థల గురించే. అయితే ఆ పొర సన్నగా ఉండటానికి కొంతైనా ఈ గీతలే కారణమని ఇప్పటికీ అంటాను.

మడత మంచం (9)
మొత్తం 45 కోట్ల పైచిలుకు అన్నారు, ఇక్కడేమో 12 కోట్లు. మిగతా వాళ్లంతా ఎక్కడ పోయారు?

లెక్కల మాస్టారు (10)
ఆ సర్వేలో వ్యవసాయం లేదు, అక్కడే 46 శాతం పోతుంది. నిర్మాణ రంగం లేదు. ఇళ్లలో పనిచేసే పనిమనుషులు, వాచ్‌మెన్, డ్రైవర్లు లేరు. కంపెనీలూ ప్రభుత్వమూ లేవు. ఆ 12 కోట్లు తయారీ, వ్యాపారం, ఇతర సేవలు మాత్రమే.

ఆ 46 గురించి ఒక మాట. వ్యవసాయంలో ఉన్నవారి వాటా 2018-19లో 42.5 శాతానికి దిగి, 2019-20లో 45.6కి ఎగిరింది. 2023-24లో కూడా 46.1. అభివృద్ధి పాఠాల్లో పొలం నుంచి ఫ్యాక్టరీకి నడక అంటారు, ఇక్కడ కొన్నేళ్లు ఎదురు నడిచింది. 2017-18 నుంచి 2023-24 మధ్య పనుల్లో ఉన్న, పని వెతుక్కుంటున్న ఆడవాళ్ల వాటా 23.3 శాతం నుంచి 41.7కి పెరిగింది. శుభవార్తే అనిపిస్తుంది. కానీ అదనంగా వచ్చినవారిలో ఎక్కువమంది ఇంటి పొలంలో, ఇంటి కొట్లో జీతం లేకుండా చేసేవాళ్లు. దేశం మొత్తమ్మీద ఇలాంటి 'జీతం లేని సహాయకులు' 2017-18లో 13.6 శాతం, 2023-24లో 19.4. వీళ్లకు ఏ చట్టం సడలిస్తే ఉద్యోగం వస్తుంది?

అడ్డా కబుర్లు (11)
నిర్మాణం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను అందుకుంటాను. ఇక్కడ యజమాని లేక కాదు, మరీ ఎక్కువమంది ఉండి సమస్య. బిల్డరు కింద కాంట్రాక్టరు, అతని కింద సబ్ కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రి, మేస్త్రి పొద్దున ఏడింటికి అడ్డా మీద నుంచి తెచ్చుకున్న ఇద్దరు కూలీలు. బిల్డరుకీ కాంట్రాక్టరుకీ మధ్య మాత్రమే కాగితం ఉంటుంది. కింద అంతా నోటిమాట, అడ్వాన్సు.

1996 నిర్మాణ కార్మికుల చట్టం దీన్ని తెలివిగా పరిష్కరించాలని చూసింది. యజమాని ఎవరో తేల్చకుండా, కట్టడం ఖర్చు మీద 1 శాతం సెస్సు వసూలు చేసి రాష్ట్ర సంక్షేమ బోర్డుకు ఇవ్వడం, బోర్డు నుంచి నేరుగా కార్మికుడికి సాయం. ఆలోచన చక్కనిది. దెబ్బతిన్నది రెండు చోట్ల.

మొదటిది నమోదు. వయసు 18 నుంచి 60, గత 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు ధ్రువీకరణ. ఏడాదిలో ముప్పై మంది మేస్త్రిల దగ్గర మూడేసి రోజులు చేసినవాడికి 90 రోజులకు ఎవరు సంతకం పెడతారు? దాంతో అసలైన అడ్డా కూలీ బయట ఉండిపోతాడు, నిర్మాణంతో సంబంధం లేనివాళ్ల పేర్లు లోపలికి వస్తాయి. రెన్యూవల్ మరిచిపోతే, ప్రమాదం జరిగిన రోజుకి కార్డు చెల్లదు. క్లెయిములు ఎక్కువగా ఆగేది ఇక్కడే. కార్డు ఉన్నవాళ్లు గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకోవాలి.

రెండోది వసూలు. సొంతానికి కట్టుకునే ఇల్లు 10 లక్షల లోపైతే పాత చట్టంలో మినహాయింపు. కోడ్ దాన్ని 50 లక్షలకు పెంచింది. మన టౌన్లలో ఇండిపెండెంట్ ఇళ్లు చాలావరకు అందులోనే పడతాయి. పెద్ద అపార్టుమెంట్లు, ప్రభుత్వ పనుల నుంచి డబ్బు బాగానే వస్తుంది, కానీ కోట్లకు కోట్లు ఖర్చు కాకుండా బోర్డుల్లో మూలుగుతున్నాయని 2018లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది.

తునికాకు (12)
'ఇంట్లో చేసే పనికి రక్షణ ఇవ్వలేం' అనేవాళ్లకు బీడీ చూపిస్తాను. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఆడవాళ్లు ఇంటి అరుగు మీద కూర్చుని చేసే పని ఇది. ఆకు, తంబాకు కంపెనీ నుంచి కమీషన్‌దారు తెస్తాడు, వెయ్యి బీడీలకి ఇంత అని కూలి. యజమాని కళ్ల ముందుండడు, ఫ్యాక్టరీ లేదు, పని గంటలు లేవు. అయినా పీఎఫ్ ఉంది! 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది, 1977లో పీఎఫ్ పెట్టారు, ఇంటి దగ్గర చుట్టేవాళ్లకూ వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు ఇచ్చేదీ, బాగాలేని బీడీలు వెనక్కి కొట్టేదీ కంపెనీయే కాబట్టి ఆజమాయిషీ ఉన్నట్టే అన్నది అందులోని తర్కం.

లోపాలు లేవని కాదు. ఆకు తక్కువ తూచి ఇస్తారు, వెయ్యి పూర్తి చేయడానికి ఆమె సొంత డబ్బుతో ఆకు కొనాలి. ఛాటు పేరుతో, అంటే బాగా లేవని చెప్పి, కట్టలు తీసేస్తారు, వాటికి కూలి ఉండదు. ఒకే కార్డు మీద అత్తా కోడలూ ఇద్దరూ చుడతారు, పీఎఫ్ ఒకరికే పడుతుంది. నెలలో పనిదినాలు తగ్గితే జమ కూడా అంతే. తెలంగాణలో బీడీ కార్మికుల పింఛను వచ్చాక పీఎఫ్ నంబరు విలువ ఏమిటో అందరికీ తెలిసింది, కార్డు లేకుండా ఇంకొకరి పేరు మీద చుట్టినవాళ్లు బయట ఉండిపోయారు.

మాస్టారికి ఒక ప్రశ్న: ఈమెని సర్వేలో ఏమని రాస్తారు?

లెక్కల మాస్టారు (13)
మంచి చోట పట్టుకున్నారు. ఇలా సరుకు తెచ్చుకుని ఇంట్లో చేసి ఇచ్చేవాళ్లను మన నమూనా సర్వేలు 'స్వయం ఉపాధి' కింద రాసుకుంటాయి. ఒప్పందం, సెలవు, పీఎఫ్ ప్రశ్నలు జీతానికీ కూలికీ చేసేవాళ్లకే కాబట్టి ఆమెను అవి అడగరు కూడా. పీఎఫ్ ఆఫీసు దృష్టిలో ఉద్యోగి, సర్వే దృష్టిలో సొంత వ్యాపారి! అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల సదస్సు 2018లో ఇలాంటివాళ్ల కోసం 'ఆధారపడిన కాంట్రాక్టరు' అని వేరే వర్గం పెట్టింది. డెలివరీ యాప్‌ల కుర్రాళ్లూ అందులోకే వస్తారు.

మడత మంచం (14)
ఈ-శ్రమ్‌లో 30 కోట్ల మంది చేరారు కదా, ఇక వాళ్లు సంఘటితమైనట్టేనా?

మస్టర్ రోల్ (15)
కాదు. 2021 ఆగస్టు 26న మొదలైన ఈ-శ్రమ్ ఒక పేర్ల పట్టిక. 16 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండి, పీఎఫ్, ఈఎస్ఐ లేనివాళ్లు ఆధార్‌తో సొంతంగా నమోదు చేసుకుంటే 12 అంకెల నంబరు వస్తుంది. వృత్తి ఏమిటో వాళ్లు చెప్పిందే. అందులో యజమాని పేరు ఉండదు, చందా కట్టేవాడు ఉండడు. ఈ-శ్రమ్ కార్డు తీసుకున్నంత మాత్రాన పీఎఫ్, ఈఎస్ఐ వచ్చినట్టు కాదు, ఆ నంబరు పీఎఫ్ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే ఖాతా నంబరు) కూడా కాదు. రెండూ 12 అంకెలే కావడంతో చాలామంది తికమక పడుతున్నారు.

సందేహాల సుబ్బారావు (16)
మాస్టారు (2)లో పెద్ద కంపెనీ గేటు లోపలే సగం మంది అన్నారు. అదెలా జరుగుతుంది?

మస్టర్ రోల్ (17)
కాంట్రాక్టు వల్ల. సంఘటిత ఫ్యాక్టరీల కార్మికుల్లో కాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవాళ్లు 2000 ప్రాంతంలో సుమారు ఐదో వంతు, ఇప్పుడు 40 శాతం దాటారు. ఇందులో మన రాష్ట్రానికీ ఓ పాత్ర ఉంది. కాంట్రాక్టు కార్మికుల మీద 1970లో వచ్చిన కేంద్ర చట్టాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో సవరించి, 'ప్రధాన కార్యకలాపం' కాని పారిశుద్ధ్యం, సెక్యూరిటీ, క్యాంటీన్, లోడింగ్ వంటివాటిలో కాంట్రాక్టు పెట్టుకోవచ్చని జాబితా వేసింది. ఇప్పుడు కోడ్‌లో దేశమంతటికీ అదే పద్ధతి. అంతకుముందే 2001లో సుప్రీంకోర్టు స్టీల్ అథారిటీ కేసులో, కాంట్రాక్టు విధానం రద్దయినా ఆ కార్మికులు దానంతటదే పర్మినెంటు కారని చెప్పింది. ఆ తీర్పు తర్వాత యాజమాన్యాలకు భయం పోయింది.

ప్రభుత్వం తక్కువేమీ తినలేదు. 1994 నాటి 2వ నంబరు చట్టంతో రోజుకూలీ నియామకాలు ఆపేశారు, పని మాత్రం ఆగదు కదా, ఆ స్థానంలో ఏజెన్సీలు వచ్చాయి. 2006లో సుప్రీంకోర్టు ఉమాదేవి కేసులో ఇచ్చిన తీర్పుతో క్రమబద్ధీకరణకూ దారి మూసుకుపోయింది. ఏజెన్సీలు పీఎఫ్ మింగేస్తున్నాయన్న ఫిర్యాదులు పెరిగాక ఆంధ్రప్రదేశ్‌లో ఆప్కాస్ అనే ప్రభుత్వ అవుట్‌సోర్సింగ్ సంస్థ పెట్టారు. మధ్య దళారీ పోయాడు, జీతం బ్యాంకులో పడుతుంది, పీఎఫ్ కడతారు, ఉద్యోగ భద్రత మాత్రం లేదు. దీన్ని సంఘటితం అనాలా వద్దా? నా మట్టుకు సగం సంఘటితం. అంగన్‌వాడీలది ఇంకో తీరు: 'గౌరవ వేతనం' అంటారు కాబట్టి ఉద్యోగులు కారన్నారు, 2022లో సుప్రీంకోర్టు వాళ్లకు గ్రాట్యుటీ వర్తిస్తుందని చెప్పాల్సి వచ్చింది.

చలానా చూపండి (18)
కాంట్రాక్టు కింద ఉన్నవాళ్లు చూసుకోవాల్సినవి, చదివేవాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను.

కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ తీయనివ్వకండి, పాతదే ఇవ్వండి. పింఛనుకి పదేళ్ల సర్వీసు కావాలి. మూడు యూఏఎన్‌లలో నాలుగేసి ఏళ్లు పడి ఉంటే, కలిపేదాకా కంప్యూటరుకి పన్నెండేళ్లు కనిపించవు. పని మారగానే డబ్బంతా తీసేసుకోవడం ఇంకో పొరపాటు: పింఛను భాగం కూడా తీసుకుంటే ఆ సర్వీసు సున్నా అవుతుంది. దానికి బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే ఏళ్లు నిలుస్తాయి. పాత కాంట్రాక్టరు మానేసిన తేదీ వేయకపోతే బదిలీ ఆగుతుంది, ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పీఎఫ్‌లో పూర్తిగా ఉన్నా ఆగుతుంది. మనవాళ్లకు ఈ ఇంటిపేరు గొడవ మరీ ఎక్కువ.

పీఎఫ్ చలానా ప్రతి నెలా 15లోగా కట్టాలి. పాస్‌బుక్‌లో రెండు నెలలు వరసగా జమ కనిపించకపోతే కాంట్రాక్టరుని అడగండి, పలకకపోతే పని చేయించుకునే అసలు సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వండి. కాంట్రాక్టరు ఎగ్గొడితే కట్టాల్సింది ఆ సంస్థే. ఏళ్ల తరబడి ఊరుకోవద్దు, కోడ్ ప్రకారం బకాయి విచారణ మొదలుపెట్టడానికి ఐదేళ్లే గడువు.

సందేహాల సుబ్బారావు (19)
చాలా థాంక్సండీ అందరికీ. పరీక్షలో ఒక్క వాక్యంలో రాయాలంటే?

లెక్కల మాస్టారు (20)
అంకె పక్కన సంవత్సరం, వ్యవసాయం ఉందా లేదా, సంస్థ లెక్కా ఉద్యోగం లెక్కా, ఈ మూడూ రాయండి. '2004-05లో వ్యవసాయంతో కలిపి కార్మికుల్లో 92 శాతం అసంఘటిత ఉపాధి' అంటే ఎవరూ మార్కు కోయలేరు.

చలానా చూపండి (21)
పొద్దున ఒకరు వ్యక్తిగత సందేశంలో అడిగారు, ఇక్కడే చెప్పేస్తాను. (6)లో చెప్పిన 20 మంది లెక్కలో గేటు దగ్గర సెక్యూరిటీ, ఊడ్చే ఆమె, ఏజెన్సీ ద్వారా వచ్చిన హెల్పర్లు కూడా కలుస్తారు. 'మా రోల్స్ మీద 17 మందే' అంటే చెల్లదు. యజమాని భార్య జీతం తీసుకుంటూ పనిచేస్తుంటే ఆమె కూడా కలుస్తుంది.